గాలికెంత ఖరీదు?

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో గాలి ఊరికే వచ్చేది కాబోలు. మా ఇంట్లో మాత్రం గాలే నెలనెలా పేలపిండి డబ్బులతోపాటు పాలడబ్బులు కూడా పట్టుకుపోతోంది. నమ్మకపోతే మీ ఇంటి కరెంటు బిల్లు ఒక్కసారి తీసి చూసుకోండి.

ఈ వ్యాసం రాయాలన్న బుద్ధి నాకు రెండేళ్ళ కిందట ఒక అర్ధరాత్రి పుట్టింది. రోహిణీ కార్తె. మా విజయవాడలో రోహిణీ కార్తె ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రోళ్ళు పగులుతాయని సామెత. ఇప్పుడు ఇళ్ళల్లో రోళ్ళు లేవు గనక ఆ పని గోడల మీద జరుగుతుంది. అటువంటి రాత్రి మా అమ్మ గదిలో ఫ్యాను నిలిచిపోయింది. కరెంటు ఉంది. పక్క గదిలో లైటు వెలుగుతోంది. రిమోట్ నొక్కితే ఆ ఫ్యాను మధ్యలో ఉన్న చిన్న దీపం ఒకసారి మిణుకుమని ఊరుకుంది. రెక్క కదల్లేదు.

అది పాత ఫ్యాను కాదు. కొని సరిగ్గా ఇరవై ఆరు నెలలు. కరెంటు ఆదా చేసే రకమని, మూడోవంతు బిల్లేనని, మా అమ్మాయి పోరుపెట్టి కొనిపించింది. గ్యారంటీ రెండేళ్ళు. అంటే గ్యారంటీ దాటిన రెండు నెలలకి, లెక్క తప్పకుండా ప్రాణం వదిలిందన్నమాట. పొద్దున్నే షాపుకి ఫోన్ చేస్తే, "లోపల బోర్డు పోయుంటుంది మేడమ్. ఆ మోడల్ ఇప్పుడు రావడంలేదు. బోర్డు దొరకడం కష్టం. కొత్తది తీసేసుకోండి" అన్నాడు కుర్రాడు, ఉల్లిపాయలు కొనమన్నంత తేలిగ్గా.

అదంతా పొద్దుటి మాట. ఆ రాత్రి సంగతి చెప్పాలిగా! డెబ్భై రెండేళ్ళ మా అమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఎవర్నీ ఏమీ అనకుండా, పరుపు కిందనుంచి తాటాకు విసనకర్ర తీసింది. అది అక్కడుందని నాకు అంతవరకూ తెలియదు. "ఇన్నాళ్ళూ దీన్ని కింద పెట్టుకునే పడుకుంటున్నావా?" అన్నాను. "ఆ ఫ్యాను మాట ఎవరికి తెలుసమ్మా! దీన్నయితే నేనెరుగుదును" అంది.

నేను విసనకర్ర అందుకుని విసరడం మొదలుపెట్టాను. పది నిమిషాలకి భుజం లాగింది. పావుగంటకి చెయ్యి మార్చాను. అరగంటకి అమ్మ నిద్రపోయింది గానీ నాకు నిద్ర పట్టలేదు. కరెంటు పోయిన రాత్రుల్లో, మాకు జ్వరాలొచ్చిన రాత్రుల్లో, మా ముగ్గురు పిల్లల పక్కనా కూర్చుని ఈ చెయ్యి ఎన్ని గంటలు ఇలా ఆడి ఉంటుందో అని ఆలోచన వచ్చింది. ఆ గంటలకి బిల్లెవరూ రాయలేదు. రాయకపోతే ఖర్చు లేనట్టా?

నేను చదివింది ఆర్ట్స్. మోటార్ల శాస్త్రం నాకు రాదు. కానీ కథలు రాసే అలవాటున్నవాళ్ళకి ప్రతి వస్తువు వెనకా ఎవరున్నారో తెలుసుకోవాలనిపిస్తుంది. అంచేత మర్నాటినుంచీ ఫ్యాను పుట్టుపూర్వోత్తరాలు వెదకడం మొదలుపెట్టాను.

విసనకర్ర సంగతి మీకు తెలిసిందే. తాటాకుది, వట్టివేళ్ళది, వెదురుది. వట్టివేళ్ళ విసనకర్రమీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే ఆ చల్లని వాసన తెలిసినవాళ్ళు ఇంకా మనలో చాలామందే ఉన్నారు. దేవుడికి వింజామర, మనిషికి విసనకర్ర. వైశాఖమాసంలో నీళ్ళకుండతోపాటు విసనకర్ర దానం చెయ్యడం మనలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఎండల్లో గాలి కూడా దానం చెయ్యదగ్గ వస్తువేనని మన పూర్వులకి తెలుసన్నమాట.

తరవాత పంకా వచ్చింది. పదకొండు అడుగులో పన్నెండు అడుగులో పొడుగున్న చట్రానికి బట్ట బిగించి, కప్పునుంచి వేలాడదీసి, దానికి తాడు కట్టి, ఆ తాడుని గోడలో కన్నంగుండా వరండాలోకి తెచ్చి, అక్కడొక మనిషిని కూర్చోబెట్టి లాగించడం. లోపల దొరగారు ఫైళ్ళు చూస్తూంటే బయట ఆ మనిషి గంటల తరబడి తాడు లాగుతూనే ఉండాలి. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి కలకత్తాలో తెల్లవాళ్ళ ఇళ్ళల్లో ఈ పంకాలు వెలిశాయి. పోగాపోగా కచేరీలకీ, కోర్టులకీ, చర్చీలకీ కూడా పాకాయి.

మా అమ్మమ్మ తండ్రిగారు రాజమండ్రి కోర్టులో గుమాస్తా. చిన్నప్పుడు మధ్యాహ్నంపూట ఆయనకి కేరియర్ తీసుకెళ్ళినప్పుడు చూసిన పంకా కుర్రాణ్ణి గురించి మా అమ్మమ్మ మాకు చెబుతూండేది. చేతులు నొప్పెడితే తాడుని కాలి బొటనవేలికి కట్టుకుని, వెల్లకిలా పడుకుని, కాలితో లాగేవాడట. "వాడికి గాలెవరు విసురుతారే అమ్మమ్మా?" అని అడిగేవాళ్ళం మేము. "వాడికెందుకూ, వాడు బయటే ఉన్నాడుగా" అనేది అమ్మమ్మ. ఆ జవాబు అప్పట్లో మాకు సబబుగానే తోచింది.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఫార్‌స్టర్ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా' గుర్తుండే ఉంటుంది. 1924లో వచ్చిన ఆ నవలలో కోర్టు ఘట్టంలో ఒక పంకా మనిషి కనిపిస్తాడు. ఒక మనిషి మానమర్యాదలు తేలిపోతున్న ఆ గదిలో ఏం జరుగుతోందో అతనికి పట్టదు. అతను తాడు లాగుతూంటాడు, అంతే. నవలలో అతను అందంగా ఉన్నాడు. చరిత్రలో ఆ మనుషుల బతుకు అంత అందంగా లేదు. రాత్రిపూట కునుకు తీసినందుకు పంకా కూలీని బూటుకాలితో తన్నడం, ఆ దెబ్బకి మనిషి చచ్చిపోవడం, ఆ కేసుల్లో దొరలకి నామమాత్రపు శిక్షలు పడటం ఆనాటి కోర్టు కాగితాల్లోకెక్కిన సంగతులు. ఒకరి నిద్ర చల్లగా సాగాలంటే ఇంకొకరు నిద్ర మానుకోవాలి. పంకా ఖరీదు అది.

మరి ఆ తాడు తెంపిందెవరు? ఏ సంఘసంస్కర్తో అనుకుంటారేమో! కాదు, కుట్టుమిషను.

అవునండీ. అమెరికాలో 1882లో షుయ్‌లర్ వీలర్ అనే కుర్ర ఇంజినీరు కరెంటు మోటారుకి రెండు రెక్కలు తగిలించి బల్లమీద పెట్టే ఫ్యాను చేశాడు. ఆ దశాబ్దంలోనే ఫిలిప్ డీల్ అనే ఆయన కప్పుకి వేలాడే ఫ్యాను తయారుచేశాడు. ఈ డీల్ గారు జర్మనీనుంచి వలస వచ్చి సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసిన మనిషి. కుట్టుమిషను కోసం తను తయారుచేసిన మోటారుకే రెక్కలు బిగించి దాన్ని కప్పుకి ఎక్కించాడు. మన చేతులకి ఎంతో సాయం చేసిన ఆ మిషనే మన నడినెత్తిన తిరిగే గాలికి కూడా పుట్టిల్లన్నమాట. ఈ చుట్టరికం మన దేశంలోనూ సాగింది. మన అమ్మలు కాళ్ళతో తొక్కిన 'ఉషా' కుట్టుమిషనూ, కప్పుకి తిరిగిన 'ఉషా' ఫ్యానూ ఒకే కంపెనీవి.

ఫ్యాను ఉంటే చాలదు, కరెంటు ఉండాలి. కలకత్తాలో 1899 ఏప్రిల్ 17న ఇమాంబాగ్ లేన్‌లో ఆవిరి విద్యుత్కేంద్రం పని మొదలుపెట్టింది. అక్కడినుంచి సంపన్నుల ఇళ్ళల్లో పంకాల స్థానంలోకి ఫ్యాన్లు వచ్చాయి. వరండాలో తాళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. తెలుగునాట హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం 1920లో విద్యుత్కేంద్రం పెట్టింది. కోస్తా ఆంధ్రకి పెద్ద ఎత్తున జలవిద్యుత్తు 1955లో మాచ్‌ఖండ్‌నుంచి అందింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. అటుపైన ఊరూరా స్తంభాలు లేచాయి గానీ, స్తంభం లేచిన ప్రతి ఊళ్ళోనూ ఫ్యాను తిరిగిందనుకోకండి. ముందు దీపం, తరవాత రేడియో, ఆ తరవాతెప్పుడో ఫ్యాను.

మా ఇంటికి ఫ్యాను 1976లో వచ్చింది. మా అమ్మకి పెళ్ళైన ఏడాది. తాతగారు సారెతోపాటు పంపించారట. దొడ్డు ఇనుపగుండు, మూడు రెక్కలు, మీగడరంగు. గోడకి చేటంత రెగ్యులేటరు పెట్టె. దాన్ని ఎక్కడ బిగించారో ఊహించగలరా? హాల్లో, నాన్నగారి పడకకుర్చీ పైన. వంటింటి పొయ్యిదగ్గర ఏప్రిల్, మే నెలల్లో చెమటలు కక్కుతూ వండిన మా అమ్మ, ఆ ఫ్యాను గాలికి నాన్నగారు ఆఫీసుకి వెళ్ళాక రావచ్చు కదా! రాదు. నాన్నగారు గడప దాటడం, అమ్మ ఫ్యాను ఆపడం రెండూ ఒకేసారి జరిగేవి. "ఒక్కదానికి ఫ్యానెందుకే? కరెంటు దండగ" అనేది. ఈ వాక్యం మీ ఇంట్లో కూడా వినబడి ఉంటుంది. మన దేశంలో కరెంటు పొదుపు గురించి ప్రభుత్వం చట్టాలు చెయ్యకముందే ఆ చట్టాన్ని తమమీద అమలు చేసుకున్నవాళ్ళు మన అమ్మలు.

ఆ పాత రెగ్యులేటరు గురించి కూడా చెప్పుకోవాలి. ఒకటో నంబరులో పెడితే కరెంటు మిగులుతుందని అమ్మ నమ్మకం. కానీ ఆ పెట్టె మీద చెయ్యి పెడితే చుర్రుమనేది గుర్తుందా? లోపల చుట్టిన తీగ, ఫ్యానుకి వెళ్ళవలసిన కరెంటులో కొంత తను తినేసి వేడిగా కక్కేసేది. గాలి సగమైనా బిల్లు సగం అయ్యేది కాదు. అమ్మ పొదుపంతా ఆ గోడలో వేడైపోయిందని తెలిసినప్పుడు నాకు మనసులో ఏదోలా అయింది. తరవాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు ఈ దండగని చాలావరకు మాన్పించాయి.

అయినా ఆ ఫ్యాను గొప్పదనం దానిదే. నలభై ఏళ్ళపైన తిరిగింది. మా వీధి చివర వైండింగు షాపు పెద్దాయన దాని లోపలి రహస్యం నాకు విప్పి చూపించాడు. మధ్యలో రాగితీగ చుట్లు కదలకుండా ఉంటాయి. బయట గుండు తిరుగుతుంది. దానికి అటూ ఇటూ రెండు బేరింగులు. ఫ్యాను కదలడానికి సాయం చేసే చిన్న కండెన్సరు ఒకటి. అంతే, ఇంకేమీ లేదు. కండెన్సరు పోతే వంద రూపాయల లోపు. బేరింగు అరిగి కిర్రుమంటే మూడు నాలుగొందలు. చుట్టు కాలిపోతే మళ్ళీ చుట్టించుకోవచ్చు. ఏ ఊళ్ళోనైనా, ఏ కంపెనీదైనా, ఏ మెకానిక్కైనా బాగుచెయ్యగలడు. పాడవదని కాదు, పాడైతే బాగవుతుంది. మన అమ్మల కాలపు వస్తువులమీద మనకున్న నమ్మకం ఇదేననుకుంటాను.

దాని లోపం తిండి. మామూలు ఫ్యాను డెబ్భై, ఎనభై వాట్లు తింటుంది. అందులో సగంపైగా గాలిగా రాదు, మోటారులో వేడిగానే పోతుంది. చాలాసేపు తిరిగిన ఫ్యానుని ఆపి గుండు తాకితే మీకే తెలుస్తుంది.

చాలా ఏళ్ళు ఈ తిండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అమెరికావాళ్ళయితే ఏసీలు వచ్చాక కప్పు ఫ్యానుని పూర్తిగా మర్చేపోయారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి కరెంటు బిల్లులు కళ్ళెర్రజేసేసరికి మళ్ళీ గుర్తొచ్చింది వాళ్ళకి. మనం మర్చిపోలేదు, ఎందుకంటే మనకి వేరే గతి లేదు. ఇంటింటా మూడు నాలుగు ఫ్యాన్లు, ఏడాదిలో తొమ్మిది నెలలు. వాటన్నిటికీ బొగ్గు తవ్వేవాళ్ళు తవ్వుతున్నారు. పంకా తాడు వరండాలోంచి మాయమైందనుకున్నాం గానీ, అది సాగి సాగి కొత్తగూడెం గనులదాకా వెళ్ళింది. అంతే తేడా.

మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం చేశారు. 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో పెట్టారు. ఫ్రిజ్జుల మీద నక్షత్రాలు అతికించేది ఈ బ్యూరోయే. ఫ్యాన్లకి చాలాకాలం అది ఐచ్ఛికంగానే ఉంది. 2023 జనవరి 1నుంచి కప్పు ఫ్యాన్లకి కూడా నక్షత్రాలు తప్పనిసరి చేశారు. ఈ నక్షత్రాల లెక్క మనకి చేతకానిదేం కాదు. ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో, దాన్ని అది తినే వాట్లతో భాగిస్తారు. 2023లో తప్పనిసరి చేసినప్పటి పట్టికలో 1200 మిల్లీమీటర్ల మామూలు సైజు ఫ్యానుకి ఆ భాగఫలం 4 అయితే ఒక నక్షత్రం, 6 దాటితే అయిదు. బియ్యం కేజీకి ఎన్ని గ్లాసుల అన్నమవుతుందని చూసుకుంటామే, అదే.

అయిదు నక్షత్రాలు తెచ్చుకునే కొత్తరకం ఫ్యాన్లలో ఉండేది బ్రష్‌లు లేని డీసీ మోటారు. బీఎల్‌డీసీ అంటున్నారు షాపుల్లో. ఇక్కడ చరిత్ర ఒక చుట్టు తిరిగింది. ఆ తొలి ఫ్యాన్లు డీసీ కరెంటు మీద తిరిగినవే. వాటిలో బొగ్గు బ్రష్‌లు అరిగిపోతూ, నిప్పురవ్వలు రాలుస్తూ ఉండేవి. తరవాత ఏసీ మోటార్లు వచ్చి ఆ బెడద తీర్చాయి. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు, బ్రష్‌ల పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో చేయించవచ్చని చూపించారు. కంప్యూటరు పెట్టెల్లో గుయ్‌మనే బుల్లి ఫ్యాన్లు ఆ సంతతివే. మన కప్పులకి ఎక్కడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది. 2012లో కోయంబత్తూరులో వర్సా డ్రైవ్స్ అనే సంస్థ 35 వాట్ల 'సూపర్‌ఫ్యాన్' తెచ్చింది. తరవాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. తిరిగే గుండులో శాశ్వత అయస్కాంతాలుంటాయి గనక దాన్ని అయస్కాంతంగా మార్చడానికి కరెంటు ఖర్చవదు. మొత్తం తిండి 28 నుంచి 35 వాట్లు.

సరే, ఇక పాలపద్దు పుస్తకం వెనక పేజీలో నేను వేసిన లెక్క చూడండి. మా ఊళ్ళో నేను అడిగిన ధరలు: మామూలు ఫ్యాను 1,700, కొత్తరకం 3,100. తేడా 1,400 రూపాయలు. హాలు ఫ్యాను రోజుకి 15 గంటలు, ఏడాదిలో 270 రోజులు తిరుగుతుందనుకుందాం. 75 వాట్ల ఫ్యాను 304 యూనిట్లు తింటుంది. 30 వాట్లది 122. మిగిలేది 182 యూనిట్లు. కరెంటు బిల్లు శ్లాబుల మెట్లెక్కుతుంది గనక, మనం మిగిల్చేది ఎప్పుడూ పైమెట్టు మీది యూనిట్లే. యూనిట్ 6 రూపాయలే అనుకున్నా ఏడాదికి 1,090 రూపాయలు. అంటే అదనంగా పెట్టిన డబ్బు పదిహేను, పదహారు నెలల్లో తిరిగొస్తుంది.

ఇదే ఫ్యానుని రోజుకి నాలుగు గంటలు తిరిగే భోజనాల గదిలో, మూడొందల రోజులకి లెక్కవేస్తే మిగిలేది 54 యూనిట్లు, 324 రూపాయలు. తేడా రాబట్టడానికి నాలుగేళ్ళు దాటుతుంది. ఇక చుట్టాలొచ్చినప్పుడు తప్ప తెరవని గదిలో, ఏడాదికి ఇరవై రోజులు పదేసి గంటలు తిరిగే ఫ్యానుకైతే 9 యూనిట్లు మిగులుతాయి. 54 రూపాయలు. తేడా తిరిగిరావడానికి ఇరవై ఆరేళ్ళు! ఇల్లంతా ఒకేసారి మార్చెయ్యమని చెప్పేవాళ్ళ మాట వినకండి. ఎక్కడ ఎక్కువ తిరుగుతుందో అక్కడ మార్చండి.

మరి నాకు చిక్కొచ్చినట్టు బోర్డు పోతే? ఆ లెక్కా వేశాను. హాల్లో పదేళ్ళకి మామూలు ఫ్యాను కొన్నధర 1,700, కరెంటు 18,240, రిపేర్లు ఓ 500. మొత్తం 20,440. కొత్తరకం కొన్నధర 3,100, కరెంటు 7,320, పదేళ్ళలో రెండుసార్లు బోర్డు పోయి తొమ్మిదేసి వందలు పెట్టామనుకుంటే 1,800. మొత్తం 12,220. అంటే రెండుసార్లు ఏడిపించినా కొత్తదే ఎనిమిది వేలు మిగిల్చింది! ఈ అంకె చూసి నేనే రెండోసారి కూడి చూసుకున్నాను. కోపంతో మొదలుపెట్టిన లెక్క నాకే ఎదురు తిరిగింది.

కానీ ఈ లెక్కలో ఒక చిన్న మాట దాగుంది: "బోర్డు దొరికితే". నాకు దొరకలేదు. కొత్త ఫ్యాను మోటారు గట్టిదే. అయస్కాంతాలకి ఏమీ కాదు. బేరింగులు పాతవాటిలాంటివే. బలహీనతంతా ఆ అరచేతిలో పట్టే బోర్డులోనే. వేడికి దానిమీది కండెన్సర్లు ఎండిపోతాయి. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చినప్పుడు, ఉరుములు మెరుపుల్లో, ఎక్కువ ఓల్టేజి తగిలితే కాలిపోతుంది. పాత రెగ్యులేటరుని తీసెయ్యకుండా దాని ద్వారానే కనెక్షన్ ఇస్తే కూడా పాడవుతుంది. మా ఇంట్లో ఆ పొరపాటు జరిగిందో లేదో గానీ, బిగించిన అబ్బాయి రెగ్యులేటరు సంగతి మమ్మల్ని అడగనే లేదు. నా ఫ్యాను విప్పి చూసి వైండింగు షాపు పెద్దాయన, "తీగ కాలితే చుడతానమ్మా. దీన్నేం చెయ్యను? కంపెనీవాడివ్వాలి" అని చేతులు దులుపుకున్నాడు. ఆ మాటలో కొంచెం బాధ కూడా ఉంది. ఆయన విద్య ఆయన కళ్ళముందే పనికిరాకుండా పోతోంది.

అందుకని నాకు తోచిన మాట ఒక్కటి చెబుతాను. మన అమ్మలు చీర కొంటే కొంగు తిరగేసి చూసేవారు. గిన్నె కొంటే కొట్టి చూసేవారు. ఫ్యాను కొనేటప్పుడు మనం రంగు చూసి, రిమోట్ చూసి, డిస్కౌంటు చూసి వచ్చేస్తున్నాం. ఇకనుంచి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. వాట్లెన్ని, గాలెంత? గ్యారంటీ మోటారుకేనా, బోర్డుకి కూడానా? ఎన్నేళ్ళు? గ్యారంటీ దాటాక ఈ ఊళ్ళో బోర్డు ఎవరి దగ్గర దొరుకుతుంది, ఎంతకి? ఆఖరి ప్రశ్నకి షాపువాడు నీళ్ళు నమిలితే, అది ఎన్ని నక్షత్రాలదైనా వదిలేసి పక్క షాపుకి నడుద్దాం. మనం అడగడం మొదలుపెడితేగాని వాళ్ళు బోర్డులు నిలవ ఉంచరు.

ఇంకో సంగతి. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటిమీది చెమట ఆర్చడమే దాని పని. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను ఎంత పొదుపుదైనా దండగే. మనిషి ఉన్న గదిలో తిరిగేది దండగ కాదు, ఆ మనిషి ఒక్కతే అయినా సరే.

చివరికి మేము ఏం చేశామంటారా? ఫ్యాను ఆగిన మర్నాడు మా వారు అటకమీదనుంచి 1976 ఫ్యానుని దింపించారు. దుమ్ము దులిపి, కండెన్సరు మార్చి, అమ్మ గదిలో బిగిస్తే నిక్షేపంలా తిరిగింది. కొంచెం మూలిగింది గానీ తిరిగింది. అమ్మ దానికేసి చూసి ముసిముసిగా నవ్వుకుంది. నెల తిరిగాక మాత్రం ఒక చిక్కొచ్చింది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తుంటే, ఈ పాత ఫ్యాను ఒక్కటే రెండు కొత్త ఫ్యాన్లంత తినేసి తెల్లారకముందే బ్యాటరీని కూలబెట్టింది. అప్పుడు మళ్ళీ షాపులు తిరిగాను. బోర్డుకి కూడా అయిదేళ్ళ గ్యారంటీ రాసిచ్చి, సర్వీసు సెంటరు మా ఊళ్ళోనే ఉన్నదాన్ని, విడి బోర్డు ధర బిల్లు వెనక రాయించుకుని మరీ కొన్నాను. షాపువాడు నన్ను వింతగా చూశాడు. చూడనీండి.

ఆ కొత్తది అమ్మ గదిలో ఉంది. పాత మీగడరంగుది చుట్టాల గదిలో ఉంది. లెక్కప్రకారం దాన్ని మార్చడానికి ఇంకా ఇరవై ఆరేళ్ళ గడువుంది.

కొత్త ఫ్యాను బిగించిన సాయంత్రం అమ్మ పడుకుని పైకి చూస్తూ, "దీనికి గ్యారంటీ ఎన్నేళ్ళే?" అంది.

"అయిదేళ్ళమ్మా."

"పోనీలే, నాకు సరిపోతుంది" అంది.

"అమ్మమ్మా, నువ్వు దీని తరవాతి ఫ్యాను గ్యారంటీ కూడా చూస్తావులే" అంది మా అమ్మాయి, అమ్మమ్మ పక్కలో దూరుతూ.

అమ్మ నవ్వి, రిమోట్‌ని మనవరాలి చేతికిచ్చి, విసనకర్రని మాత్రం మళ్ళీ పరుపు కిందకి సర్దుకుంది.